అధ్యక్షుడి ఆబోతు

1985 నవంబరు 17

ఈ సాయంత్రం ట్రావెలర్స్ బంగళాలో జరిగిన సభలో నన్ను పావగడ తాలూకా నాటు పశుజాతుల సంరక్షణ కమిటీకి అధ్యక్షుణ్ని చేసినారు. నేను అడగలేదు. సభ పెట్టిన బెంగళూరు పశువుల సంఘం వాళ్లకు కుర్చీలు, ఉప్పిట్టు, కాఫీ నేను ఏర్పాటు చేసినందుకని ఎవరన్నా అనుకుంటే అది వాళ్ల బుద్ధి.

ఆ సంఘం ప్రొఫెసర్‌గారు బలే మాట్లాడినారు. హళ్లికారు జాతి మన దిక్కు పశువంట. సన్నగా, చురుగ్గా, వెనక్కి వాలిన కొమ్ములు, బూడిద రంగు. ఊరూరా జెర్సీ సీమావులు వచ్చి, నాటు కోడెలకంతా విత్తు కొట్టేసి ఎద్దుల్ని చేస్తా పోతే, ఇంకొన్నాళ్లకు ఆబోతు అనేది పటాల్లో మాత్రమే మిగుల్తాదంట. వింటావుంటే నా కండ్లలో నీళ్లు తిరిగినాయి. ముందు వరసలో వాళ్లు చూసినారు కూడా.

ఇంటికొచ్చి చెప్తే మంగళ అన్నం వడ్డిస్తా అడిగింది.

"మన అంగట్లో శెనక్కాయ చెక్కా, తవుడూ కొనేదంతా సీమావులు ఉండేవాళ్లే కదండీ? నాటావుకు ఎవరు చెక్క పెడతారు? ఆ జాతి పెరిగితే మన అంగడి గతేంది?"

సిద్ధాంతం వేరు, వ్యాపారం వేరు అని చెప్పినాను. అమ్మ వంటింట్లోనుంచి, "సిద్ధాంతానికి మజ్జిగ పొయ్యి మంగళా, గొంతులో పట్టుకొన్నట్టుండాది" అనింది.

నవంబరు 18

అధ్యక్షుడు అని రబ్బరు ముద్ర చేయమని ఇచ్చినాను.

నవంబరు 30

కమిటీకి ఆశయం ఉండాది, ముద్ర ఉండాది. పశువే లేదు. బెంగళూరునుంచి ప్రొఫెసర్‌గారు ఫోను చేసి "ఎన్ని ఆబోతుల్ని గుర్తించినారు?" అని అడిగినారు. సర్వే జరుగుతా ఉండాదని చెప్పినాను. అంగట్లో ఒకరిద్దర్ని అడిగినాను కదా, అదీ సర్వేనే.

డిసెంబరు 6

దేవుడు దారి చూపిస్తాడు. పొద్దున అంగడి తెరుస్తానే నిడుగల్లు కొల్లప్ప, అతని భార్య నాగక్క ఒక కోడెను పట్టుకొని వచ్చినారు. నాలుగు పండ్లు వేసిన వయసు కోడె. ప్రొఫెసర్‌గారు చెప్పిన కొమ్ములే, ఆ రంగే. డొక్కలు మాత్రం లోపలికి పోయినాయి.

ఈ యేడు వాళ్ల చేన్లో శెనక్కాయ పీకితే అన్నీ తాలు కాయలే. కొల్లప్ప తుంగభద్ర కాలవ కిందకు వరి కోతలకు పోతాండాడు. ముసలి తల్లి ఉండాదని నాగక్క ఊర్లోనే ఉంటాదంట.

"ఎద్దుల జత ముందే పాయ సామీ" అన్నాడు. "వీన్ని కూడా అడుగుతాండారు సంతలో. అడిగేటోళ్లు యాడికి తోలకపోతారో నాకు తెల్సు. వీని తాతను మా నాయన తెచ్చినాడు. మీరు ఇట్లాంటివి కాపాడతారంట గదా. వానొచ్చేదంక పెట్టుకోండి. వానొస్తూనే నేనొచ్చి తోలకపోతా. మాటియ్యండి, అంతే చాలు."

శనిమహాత్మ గుడి దిక్కు తిరిగి మాటిచ్చినాను. ఆ దిక్కు తిరిగి మాటిస్తే మన ఊర్లో ఎవరూ ఇంకేం అడగరు.

"పేరేంది?"

"పేరేముంటాది సామీ. బూడిద రంగు గదా, బూదోడు అంటాం."

కమిటీ గౌరవానికి అది సరిపోదు. వృషభరాజు అని పెట్టినాను. నాగక్క మూపురం మీద చెయ్యి పెట్టి కొంచేపు నిలబడి, తిరిగి చూడకుండా పోయింది. వృషభరాజు మాత్రం వీధి మలుపు దాకా చూసినాడు.

డిసెంబరు 9

గోడౌన్లో మూటలు ఒక పక్కకు జరిపి రాజుకు చోటు చేసినాం. మంగళ పేడ ఎత్తతా ఉంటే నేను పక్కన కూర్చొని ఉపన్యాసం రాసుకొన్నాను. ఇద్దరం కలిసి ఒక మంచి పని చేస్తాండాం అనిపించింది.

డిసెంబరు 27

పేపర్లో ఫొటో వచ్చింది. నేను బాగా పడినాను. వృషభరాజు తల పక్కకు తిప్పుకొన్నాడు.

1986 జనవరి 27

నిన్న జెండా పండగకు హైస్కూలు మైదానంలో రాజును ఊరేగించినాం. కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, వీపు మీద జరీ గుడ్డ. పిల్లోళ్లు చప్పట్లు కొట్టినారు. పూటకు ఇంత చెక్క, తవుడు, బెల్లం నీళ్లు పెడతాండాం కదా, వీపు నిగనిగలాడతాండాది. మొదట్లో చెక్క వాసన చూసి తల తిప్పుకొనేవాడు. ఇప్పుడు డబ్బా చప్పుడు వింటానే లేస్తాడు. జాతి అభివృద్ధి అంటే ఇదే.

ఊర్లో బావులన్నీ అడుగు కనపడతాండాయి.

ఫిబ్రవరి 3

నాగలమడిక బైలప్ప తన రెండు ఎద్దుల్ని సంతకు తోలకపోతా అంగడి ముందర ఆగినాడు. మా నాయన కాలంనుంచి తెలిసిన మనిషి. ఎద్దుల ఎముకలు లెక్క పెట్టచ్చు. గోడౌన్ తలుపు తెరిచే ఉండాది. లోపల రాజు చెక్క తింటాండాడు. బైలప్ప చానాసేపు చూసినాడు.

"ఏం జాతి సామీ ఇది?"

అరుదైన జాతి అని చెప్పి, దాని చరిత్ర వివరించినాను.

అంతా విని, "మావి కూడా అరుదైనవి అయ్యుంటే బాగుండు" అని ఎద్దుల్ని అదిలించుకొని పోయినాడు.

అతను ఎగతాళికి అన్నాడని నేను అనుకోను. సామాన్యులకు విషయం అర్థమైతే ఇట్లనే బాధ పడతారు.

మంగళ చెక్క ముక్కలు కొంగులో వేసుకొని అతని వెనక పరుగెత్తింది. అంగడివాళ్ల ఇంటి ఆడది బజార్లో అట్లా పరుగెత్తకూడదు. చెప్పినాను.

ఫిబ్రవరి 11

నాగక్క వచ్చింది. ఒడిలో తుమ్మకాయలు. గోడౌన్లో అడుగు పెట్టకముందే వాకిట్లోనుంచి "బూదా" అనింది. రాజు చెక్క తొట్టిలోనుంచి తల ఎత్తినాడు. ఆమె ఒడి విప్పితే తొట్టి వదిలేసి ఆ ఎండు కాయలే కరకర నమిలినాడు. నేను వృషభరాజు అని ఎన్నిసార్లు పిలిచినా ఒక్కసారి చూడలేదు, అది వేరే సంగతి.

"బాగా ఒళ్లు చేసినాడు సామీ" అనింది నాగక్క. సంతోషంగా అనిందో, ఎట్లా అనిందో తెలీలేదు.

పోయేటప్పుడు మంగళా, ఆమే వాకిట్లో చానాసేపు మాట్లాడుకొన్నారు. నేను అంగట్లోకి వచ్చేస్తే నవ్వులు వినపడినాయి. దేని గురించో.

ఫిబ్రవరి 25

కమిటీ చరిత్రలో ముఖ్యమైన రోజు. రాయడానికి మాత్రం మనసు రావడం లేదు.

ఓబళప్ప అనే ముసలాయన ఎదకొచ్చిన నాటావును దూరంనుంచి నడిపించుకొని వచ్చినాడు, దాటించడానికని. మొట్టమొదటి ఆవు. నేను ఫొటోగ్రాఫరును కూడా పిలిపించినాను. రాజును బయటికి తెచ్చినాం. ఆవును వాసన చూసినాడు. పైకి చూసినాడు. నిదానంగా మోకాళ్లు వంచి పండుకొన్నాడు. లేపితే లేచినాడు, మళ్లీ పండుకొన్నాడు.

బజారంతా గుమిగూడింది.

"పెండ్లికొడుకు మాదిరి మేపినారు సామీ" అన్నాడు ఓబళప్ప. "పెండ్లి మాత్రం వద్దంటాండాడు."

అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. అధ్యక్షుడికి ఆ పాటి హాస్యం ఉండాల.

ఎద పోతే మళ్లీ మూడు వారాలు ఆగల్ల కదా, ఓబళప్ప ఆ ఆవును నేరుగా పశువుల ఆస్పత్రికి తోలకపోయి జెర్సీ సూది వేయించినాడని సాయంత్రం తెలిసింది.

ఆ ఆవు స్థాయి చాల్లేదేమో రాజుకు.

మార్చి 9

ప్రొఫెసర్‌గారు స్వయంగా వచ్చినారు. రాజును చుట్టూ తిరిగి చూసి, ఇట్లాంటి లక్షణాలు దొరకడం కష్టం, బెంగళూరు పక్కన సంఘం ఫారానికి తీసుకుపోతాం, ఆడ డాక్టర్లు ఉంటారు, లెక్క ప్రకారం మేపు ఉంటాది అన్నారు. ఈ నెల ఇరవై రెండో తేదీ లారీ వస్తాది. బంగళాలో వీడ్కోలు సభ. తుమకూరులో నాకు సన్మానం.

కొల్లప్పకు ఇచ్చిన మాట నాకు గుర్తుండాది. ఎవరూ గుర్తు చేయాల్సిన పని లేదు. వానొచ్చేదంక పెట్టుకొంటాను అన్నాను. వాన ఎప్పుడొస్తుందో నేను చెప్పలేదు, అతనూ చెప్పలేదు. ఒకవేళ రానే రాకపోతే? అప్పుడు రాజు గతి ఏం కావాల? పెద్ద మనసుతో ఆలోచించే మనిషైతే కొల్లప్ప తానే లారీ ఎక్కించేవాడు.

మార్చి 12

కొల్లప్పకు తెలియజేయాలనే ఉండాది. కాలవ కింద యాడుండాడో తెలీదు.

"నాగక్క యాడుందో తెల్సు కదా?" అనింది మంగళ.

బస్సులు సరిగా లేవని చెప్పినాను. నిడుగల్లు బస్సు మా అంగడి ముందరే ఆగుతాది. కానీ ఎప్పుడూ రద్దీ.

మార్చి 15

మంగళ మాట్లాడటం లేదు. అమ్మ కూడా. ఇల్లు ప్రశాంతంగా ఉండాది. ఉపన్యాసం బాగా వస్తాండాది.

మార్చి 22

ఇప్పుడే ఇంటికొచ్చినాను. మర్చిపోకముందే రాయాల.

పొద్దున్నే బంగళాకు పోయినాను. షామియానా, మైకు, బ్యాండు, అన్నీ నేనే దగ్గరుండి చూసినాను. ప్రొఫెసర్‌గారు, ఇంకో నలుగురు పెద్దలు వచ్చినారు. లారీ వచ్చింది. రాజును సింగారించి తెస్తామని నేనూ, లారీ మనుషులూ బ్యాండుతో గోడౌన్‌కు పోయినాం.

గోడౌన్ ఊడ్చి ఉండాది. కొమ్ముల కుప్పెలు, జరీ గుడ్డ మడిచి మూట మీద పెట్టి ఉండాయి. రాజు లేడు.

మంగళ గడప మీద కూర్చొని బియ్యం ఏరుతాండాది.

"యాడ?" అన్నాను.

"నాగక్క వచ్చి తోలకపాయ."

"ఎట్ల ఇచ్చినావు నువ్వు?"

"ఆమె కోడె. ఆమె అడిగింది."

"ఆమెకెవరు చెప్పినారు?"

"నేనే. మొన్న బస్సులో చోటు దొరికింది."

వెనక బ్యాండు వాళ్లు ఇంకా వాయిస్తాండారు. అమ్మ కిటికీలోనుంచి చూస్తాండాది. మంగళ తల ఎత్తి, నెమ్మదిగా అనింది: "మీరు గుడి దిక్కు తిరిగి మాటిచ్చినారు. ఆ రోజు నేను తలుపు వెనకే ఉన్నా. మీ మాట నిలబడల్ల అనుకొన్నా, అంతే."

తిట్టడానికే నోరు తెరిచినాను. బ్యాండు వాళ్లను ఆపమని చెప్పి బయటపడినాను.

బంగళాకు నడిచి పోతాంటే దోవంతా చెమట. దొంగతనం అని చెప్దామా? నాగక్క మీదకు పోలీసులు పోతారు. జబ్బు అని చెప్దామా? ప్రొఫెసర్‌గారు చూస్తానంటారు. మైకు ముందర నిలబడినాను. ఉపన్యాసం కాగితం జేబులోనే ఉండాది. నా నోటినుంచి ఈ మాటలు వచ్చినాయి:

"ఏ పశువైనా తాను పుట్టిన నేల మీద, తన్ను పెంచిన చేతుల్లోనే పెరగాల. అందుకని ఈ పొద్దు తెల్లారే వృషభరాజును సొంతూరికి సాగనంపినాం. లారీని ఉత్తగా పంపిస్తాండేదానికి క్షమించండి."

ప్రొఫెసర్‌గారు లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకొన్నారు. ఆయన కండ్లలో నీళ్లు. ఇరవై ఏండ్లుగా తాను చెప్పాలనుకొని చెప్పలేకపోయిన మాట ఇది అన్నారు. చప్పట్లు. బ్యాండు.

ఉపన్యాసం బాగుండిందని అందరూ అంటాండారు. మంగళకు చెప్పలేదు.

మార్చి 23

చెప్పినాను. బియ్యం చేట పక్కన పెట్టి, కండ్లలో నీళ్లొచ్చేంత నవ్వింది. అమ్మ కూడా. చివరికి నేనూ.

ఏప్రిల్ 20

తుమకూరులో శాలువా కప్పినారు. ఎర్ర అంచు. 'రైతు ఇంటి గడపనే సంరక్షణ కేంద్రంగా మార్చిన దార్శనికుడు' అని చదివినారు. నేను తల వంచుకొన్నాను. వినయం అనుకొన్నారు.

జులై 5

వాన. రెండు రోజులుగా. గోడౌన్ కారుతాండాది, ఎవరికీ బాధ లేదు.

జులై 9

శాలువా చూపించాలని, రాజును చూడాలని నిడుగల్లు పోయినాను. బస్సులో చోటు దొరికింది.

కొండ కింద చేన్లల్లో జనం. ఎర్రమట్టి వాసన. దూరంనుంచే గుర్తు పట్టినాను, ఆ కొమ్ములు. ఒళ్లు తగ్గి, సన్నగా, చురుగ్గా నడుస్తాండాడు. మెడ మీద కాడి. పక్కన ఎవరిదో ముసలి ఎద్దు. వెనక కొల్లప్ప మేడి పట్టుకొని ఉండాడు. సాలులో నాగక్క శెనక్కాయ విత్తనం వేస్తాండాది.

దగ్గరికి పోయి, వెనకనుంచి చూసినాను. ఇంకొకసారి చూసినాను.

"రాండి సామీ" అన్నాడు కొల్లప్ప. "శాలువా బలే ఉండాది. చలిగా ఉండాదా?"

"కొల్లప్పా, ఇదేందప్పా?"

"పదును సామీ. రెండు రోజులు పోతే నేల ఆరిపోతాది."

"అది కాదు. వీనికి…"

"ఓ, అదా? మే నెలలో నేనొచ్చినంక విత్తు కొట్టించినాం. లేకుంటే కాడి కింద నిలబడతాడా?"

"ప్రొఫెసర్‌గారు అంత గొప్పగా చెప్పిన ఆబోతు కదా! జాతి కదా!"

కొల్లప్ప ఎద్దుల్ని నిలిపినాడు. కోపం ఏమీ లేదు అతని ముఖంలో.

"ఆబోతు సరే, ఆవులేవి సామీ? కరువులో ఊరంతా అమ్ముకొనిరి. ఎద్దులూ పాయ. కాడి మోసే బలం ఈ ఊర్లో వీనికొక్కనికే ఉండాది. మీ చెక్క తినిన బలం. మా చేనే కాదు, అన్న చేను, మారన్న చేను, ఇంకా రెండిండ్లోళ్లవి, అన్నీ వీనితోనే విత్తుతాండాం. విత్తకపోతే ఈ తూరి అందరం కాలవ కిందకు పోవల్ల. నేను మనసు చంపుకొని కొట్టించినా. మూడు దినాలు అన్నం తినలేదు నాగక్క."

నాగక్క నా దిక్కు చూడలేదు. వంగి, సాలులో ఒక గింజ సర్ది, లేచింది. "మా ఆవు ఒకటి మిగిలుండాది సామీ. నేను అమ్మలేదు దాన్ని. ఉగాది అయినంక వీడు దాటినాడు. చూడి కట్టింది. అది తెలిసినంకనే కొట్టించినాం."

"ఒళ్లు తగ్గినంక బుద్ధొచ్చింది వీనికి" అన్నాడు కొల్లప్ప.

వానమబ్బు మళ్లీ కమ్ముకొస్తాండాది. చేను సగం మిగిలే ఉండాది. "నిలబడి చూసేదానికన్నా కొంచెం విత్తనం అందీయండి సామీ" అనింది నాగక్క. గంప ఒకటే ఉండాది. శాలువా మడిచి ఒడి మాదిరి కట్టుకొంటే దాంట్లో పోసినారు. మధ్యాహ్నం దాకా సాలు వెంబడి నడిచి అందిస్తానే ఉన్నాను. సాలు చివర్లో మళ్లేటప్పుడల్లా బూదోడి ఊపిరి నా చేతికి తగిలేది.

అవును, బూదోడు. ఆ పేరుకే తిరిగినాడు.

జులై 10

నడుము నొప్పి. శాలువాకు ఎర్రమట్టి పోవడం లేదు. మంగళ ఉతకనంటాది, అట్లే ఉండనీయండి అంటాది.

సెప్టెంబరు 21

కమిటీ సంవత్సరపు సభ. నివేదిక చదివినాను: "ఆబోతును సొంత నేలకు చేర్చినాం. ప్రస్తుతం ఆడ రైతులతో కలిసి పని చేస్తాండాడు." ఒక్క అబద్ధం లేదు. చప్పట్లు కొట్టినారు.

ఇంకో ఏడాదికి కూడా నన్నే అధ్యక్షుణ్ని చేసినారు. వద్దన్నాను. ఈ తూరి నిజంగానే వద్దన్నాను, ఎవరూ నమ్మలేదు.

1987 జనవరి 29

మంగళా నేనూ నిడుగల్లు పోయినాం. ఆవు ఈనింది. కోడె దూడ. ఇంకా తడి ఆరలేదు, కాళ్లు నాలుగు దిక్కులకు పోతాండాయి. ఆవు నాకుతాండాది. బూదోడు పక్క గాటన కట్టేసి ఉండాడు, ఏమీ పట్టనట్టు నెమరేస్తాండాడు.

"వీన్ని కొట్టించం సామీ" అన్నాడు కొల్లప్ప. "మారన్న ఒక పెయ్యను తెస్తానంటాండాడు. మా బావ కూడా ఒకటి తెస్తాడంట. ఇంకో మూడేండ్లకు ఊర్లో మళ్లీ ఆవులుంటాయి. అప్పుడు పని పడతాది వీనికి."

మంగళ దూడ ముందర కూర్చొంటే అది ఆమె కొంగు చీకింది. ఆవుకని చెక్క తెచ్చినాం కొంచెం. "కొంచెమే" అని మంగళ మూడుసార్లు చెప్పింది, నా దిక్కు చూస్తా.

ఫిబ్రవరి 8

ప్రొఫెసర్‌గారు అనంతపురం పోతా పావగడలో దిగి అంగడికి వచ్చినారు. ఫారంలో జాగా ఖాళీగానే ఉండాదంట. లారీ కూడా ఇప్పుడు సంఘానికి సొంతంగా ఉండాదంట. మంచి లక్షణాలు ఉండే కోడె దూడ దొరికితే చాలు, మొదలు పెట్టేస్తాం అన్నారు. తరువాత నన్ను చూసి, "నిడుగల్లు దిక్కునుంచి ఏమన్నా విశేషాలు?" అని అడిగినారు.

నాకు లోపలినుంచి ఒక ఉపన్యాసమే తన్నుకొచ్చింది. మొదటి వాక్యం నాలుక మీదికి వచ్చేసింది. బలే వాక్యం.

మంగళ కాఫీ తెచ్చి ఆయన ముందర పెట్టి, ఆడనే నిలబడింది.

"వానలు పర్వాలేదు సార్" అన్నాను.